తక్కువ ఖర్చు యూవీ సెన్సర్‌తో డీఎన్ఏ, ప్రొటీన్ కొలవవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఏ తరంగదైర్ఘ్యం కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యంత్రం) కొనే పరిస్థితి లేదు. 260, 280 నానోమీటర్ల యూవీ ఎల్ఈడీలు, ఒక ఫోటోడయోడ్ (కాంతిని కరెంటుగా మార్చే డిటెక్టర్), ఒక మైక్రోకంట్రోలర్ పెట్టుకుని డీఎన్ఏ, ప్రొటీన్ గాఢత కొలిచే పెట్టె సొంతంగా చేసుకోవచ్చా? చేస్తే ఆ అంకెల్ని ఎంతవరకు నమ్మొచ్చు? అదే పెట్టెతో రక్తంలో గ్లూకోజ్, మూత్రంలో ప్రొటీన్ కూడా చూడొచ్చా?

సూటిగా చెప్పాలంటే, మొదటి పని చేసుకోవచ్చు. శుద్ధి చేసిన నమూనా అయితే, మామూలు 1 సెంటీమీటర్ క్యూవెట్‌లో (నమూనా పోసే చిన్న పారదర్శక పాత్ర) డీఎన్ఏని మిల్లీలీటరుకు సుమారు 2 నుంచి 50 మైక్రోగ్రాముల దాకా, ప్రొటీన్‌ని, అది ఏ రకమన్నదాన్ని బట్టి, మిల్లీలీటరుకు సుమారు 0.1 నుంచి 1.5 మిల్లీగ్రాముల దాకా పనికొచ్చే స్థాయిలో కొలవవచ్చు. కాకపోతే 260/280 నిష్పత్తి (ఆ రెండు తరంగదైర్ఘ్యాల దగ్గర వచ్చే కొలతల నిష్పత్తి) చూసి నమూనా శుద్ధంగా ఉందని తేల్చే పనికి ఈ పెట్టెను నమ్మకండి. రక్తంలో గ్లూకోజ్ సంగతి మర్చిపోండి. గ్లూకోజ్ ఈ ప్రాంతంలో యూవీని పీల్చుకోదు. మూత్రం గురించి కింద చెబుతాను.

ఇలాంటి పెట్టెలు కట్టడంలో, వేరేవాళ్ళు కట్టినవి బాగుచేయడంలో చాలాకాలంగా ఉన్నాను. ఇన్నాళ్ళలో నాకు బలంగా అనిపించింది ఏమిటంటే, చౌకగా స్పెక్ట్రోఫోటోమీటర్ చేద్దామని దిగినవాళ్ళు ఇబ్బంది పడతారు. ఒక అణువు కోసం, ఒక రకం నమూనా కోసం మీటర్ చేద్దామని దిగినవాళ్ళకు పని అవుతుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ, డబ్బు పెట్టే చోటు మారిపోతుంది.

ముందు మూలసూత్రం. డీఎన్ఏ, ఆర్ఎన్ఏలలోని బేస్‌లు 260 నానోమీటర్ల దగ్గర యూవీని గట్టిగా పీల్చుకుంటాయి. ప్రొటీన్‌లో ఆ పని ముఖ్యంగా ట్రిప్టోఫాన్, టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలది. వాటి శిఖరం 280 చుట్టుపక్కల ఉంటుంది. 260 దగ్గర 1 సెంటీమీటర్ దారిలో అబ్జార్బెన్స్ (కాంతి ఎంత పీల్చుకుపోయిందో చెప్పే అంకె; 1 అంటే పదో వంతు, 2 అంటే నూరో వంతు కాంతే బయటికి వచ్చినట్టు) 1 వచ్చిందంటే జంటపోగు డీఎన్ఏ మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు ఉన్నట్టు. ఆర్ఎన్ఏ అయితే 40, ఒంటిపోగు డీఎన్ఏ అయితే 33. ప్రొటీన్‌కి ఇలా అందరికీ సరిపోయే అంకె లేదు. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము బీఎస్ఏ (ఆవు సీరం ఆల్బుమిన్) 0.66 దగ్గర చూపిస్తే, అంతే బరువు ఐజీజీ యాంటీబాడీ 1.4 దగ్గర, లైసోజైమ్ 2.6 దగ్గర చూపిస్తాయి. జెలటిన్‌లో ట్రిప్టోఫాన్ దాదాపు లేనట్టే కాబట్టి అది దాదాపు కనబడదు. మీ ప్రొటీన్ అమైనో ఆమ్లాల వరుస తెలిస్తే ఒక్కో ట్రిప్టోఫాన్‌కి 5,500, టైరోసిన్‌కి 1,490, డైసల్ఫైడ్ బంధానికి 125 చొప్పున కూడి మోలార్ గుణకం (1 మోలార్ ద్రావణం 1 సెంటీమీటర్ దారిలో ఇచ్చే అబ్జార్బెన్స్) లెక్కేసుకోవచ్చు. అది తెలియకుండా "ప్రొటీన్ మీటర్" అని పెట్టె మీద రాసుకుని లాభం లేదు.

ఇక అసలు విషయం. 1941లో వచ్చిన బెక్‌మన్ డీయూ నుంచి ఇప్పటి యంత్రాల దాకా ఖరీదులో పెద్ద వాటా ఒకే పనికి పోతుంది: కావలసిన తరంగదైర్ఘ్యం తప్ప మిగతా కాంతిని డిటెక్టర్ దగ్గరికి రానివ్వకపోవడం. ఎల్ఈడీ పెట్టగానే మోనోక్రోమేటర్ (ఒక్క తరంగదైర్ఘ్యాన్నే వేరుచేసే భాగం) ఖర్చు తప్పిపోయిందని సంబరపడతాం. కానీ ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? ఎవరూ చేయకపోతే దాన్ని మీ అంకెలే చెబుతాయి.

స్ట్రే లైట్ (అక్కర్లేని కాంతి) లెక్క ఒకసారి చేతితో వేసి చూడండి. నమూనా గుండా పోకుండా పక్కనుంచి, లేదా నమూనా పీల్చుకోని వేరే తరంగదైర్ఘ్యంలో, 1 శాతం కాంతి డిటెక్టర్‌ని చేరుతోందనుకుందాం. అసలు అబ్జార్బెన్స్ 1 ఉంటే మీకు 0.96 కనిపిస్తుంది. అసలు 2 ఉంటే 1.70 కనిపిస్తుంది. అసలు 3 ఉంటే 1.96 దగ్గరే ఆగిపోతుంది. నమూనా ఎంత చిక్కబరిచినా రీడింగు 2 దాటదు. ఎంత మంచి ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే చిప్) పెట్టినా, ఎన్నిసార్లు సగటు తీసినా ఇది పోదు. చిల్లు కుండకు ఇంకాస్త పెద్ద మూత వెతికినట్టే ఉంటుంది.

ఈ అక్కర్లేని కాంతి ఎక్కడినుంచి వస్తుంది? మొదటి దొంగ ఎల్ఈడీయే. 260–280 ఎల్ఈడీ వెలిగించినప్పుడు మసక నీలం కాంతి కనిపిస్తుంది కదా, దాన్ని చూసి చాలామంది "యూవీ వస్తోంది" అనుకుంటారు. యూవీ కంటికి కనబడదు; మీరు చూస్తున్నది దానితోపాటు వచ్చే చెత్త. దాని మోతాదు తక్కువే, కానీ మామూలు సిలికాన్ ఫోటోడయోడ్ నీలం, ఎరుపు, పరారుణ కాంతిని యూవీ కంటే ఎక్కువ ఇష్టంగా చూస్తుంది. 280 దగ్గర వాట్‌కి 0.1 ఆంపియర్ ఇచ్చే డయోడ్ 900 దగ్గర దానికి ఐదారు రెట్లు ఇస్తుంది. రెండో దొంగ గది వెలుతురు. మూడోది నమూనా: 280 కాంతి పడగానే ట్రిప్టోఫాన్ తానే 350 ప్రాంతంలో ఫ్లోరెసెన్స్ ఇస్తుంది. క్యూవెట్‌కి అతుక్కుపోయేలా డిటెక్టర్ పెడితే ఆ కాంతీ కొలతలో కలిసిపోతుంది. అందుకే మధ్యలో కాస్త దూరం, ఒక చిన్న రంధ్రం ఉన్న తెర ఉండాలి.

అందువల్ల నా సలహా: మిగతా చోట్ల పొదుపు చేయండి, డిటెక్టర్ దగ్గర చేయకండి. సిలికాన్ కార్బైడ్ ఫోటోడయోడ్ తీసుకోండి. అది సుమారు 380 నానోమీటర్ల పైన గుడ్డిది. దాని సున్నితత్వం 270–280 దగ్గరే ఎక్కువ, వాట్‌కి 0.13 ఆంపియర్ ప్రాంతం. దృశ్యకాంతి చెత్తంతా ఒక్క దెబ్బకు పోతుంది. హాబీ బోర్డుల మీద దొరికే వాటిలో జీయూవీఏ-ఎస్12ఎస్‌డీ 240 నుంచి 370 దాకా చూస్తుంది కాబట్టి ప్రయోగానికి పెట్టి చూడొచ్చు. ఎంఎల్8511 మాత్రం వద్దు. దాని పని ఎండలోని యూవీ కొలవడం. 280 కింద దాని మీద ఆశ పెట్టుకోవడం దండగ.

పరీక్ష కూడా సులువే. పాలీకార్బొనేట్ సేఫ్టీ కళ్ళద్దాల అద్దాన్ని క్యూవెట్ స్థానంలో కాంతికి అడ్డంగా నిలబెట్టండి. అది 260–280 కాంతిని పూర్తిగా ఆపేస్తుంది, దృశ్యకాంతిని వదిలేస్తుంది. అప్పుడు డిటెక్టర్ చూపించే అంకె ఎంత ఉంటే అంతా అక్కర్లేని కాంతే. దాన్ని ఖాళీ దారి రీడింగుతో భాగించండి. 0.1 శాతం లోపు ఉంటే హాయిగా అబ్జార్బెన్స్ 1.5 దాకా నమ్మొచ్చు. ఒకసారి ఒక విద్యార్థి తెచ్చిన పెట్టె 1.7 దగ్గర మొండికేసింది. పన్నెండు బిట్ల ఏడీసీ చాలట్లేదని, ఇరవై నాలుగు బిట్లది కొనాలని ఆ అబ్బాయి నిర్ణయానికి వచ్చేశాడు. కళ్ళద్దం అడ్డం పెడితే రీడింగులో దాదాపు 2 శాతం అలాగే నిలిచి ఉంది. క్యూవెట్ గూడు గోడ తెల్ల ప్లాస్టిక్. ఎల్ఈడీ కాంతి ఆ గోడ మీద పడి నమూనా పక్కనుంచి తిరిగి డిటెక్టర్‌కి చేరుతోంది, ఆ ప్లాస్టిక్ కొంచెం మెరుస్తోంది కూడా. క్యూవెట్‌కి ముందూ వెనకా రెండు మిల్లీమీటర్ల రంధ్రాలున్న నల్ల అల్యూమినియం పలకలు పెట్టి, డయోడ్ మార్చాక అదే పాత ఏడీసీతో గీత తిన్నగా వచ్చింది.

ఏడీసీ గురించి టెన్షన్ అక్కర్లేదని అంకెలతోనే చెబుతాను. డిటెక్టర్ మీద 10 మైక్రోవాట్లు పడుతున్నాయనుకోండి. 1.3 మైక్రోఆంపియర్లు వస్తుంది. 1 మెగాఓమ్ ఫీడ్‌బ్యాక్ ఉన్న ఆంప్లిఫయర్ దాన్ని 1.3 వోల్టులు చేస్తుంది. అబ్జార్బెన్స్ 2 దగ్గర అది 13 మిల్లీవోల్టులకు పడిపోతుంది. ఏడీఎస్1115 లాంటి చవక 16 బిట్ల చిప్‌లో 2.048 వోల్టుల రేంజ్ పెడితే ఒక్కో మెట్టు 62.5 మైక్రోవోల్టులు, అంటే ఆ 13 మిల్లీవోల్టులకు 200 పైచిలుకు మెట్లు. అక్కడ కూడా ఒక మెట్టు తేడా అబ్జార్బెన్స్‌లో 0.002 మాత్రమే. సరిపోతుంది.

రెండో పెద్ద సమస్య నిలకడ. ఈ ఎల్ఈడీలు తీసుకున్న కరెంటులో కొద్ది శాతాన్నే కాంతిగా మారుస్తాయి, మిగతాదంతా వేడి. వేడెక్కే కొద్దీ కాంతి తగ్గుతుంది. బ్లాంక్ (నమూనా లేని ఉత్త ద్రావకం) రీడింగు తీసిన క్షణానికీ నమూనా పెట్టిన క్షణానికీ మధ్య కాంతి 1 శాతం తగ్గిందంటే అబ్జార్బెన్స్‌లో 0.0044 తేడా, డీఎన్ఏ లెక్కలో మిల్లీలీటరుకు 0.2 మైక్రోగ్రాములు. 20 మైక్రోగ్రాముల నమూనాకి ఇది లెక్కలోది కాదు. 2 మైక్రోగ్రాముల నమూనాకి అది 10 శాతం. నేను ఎప్పుడూ రెండు పనులు చేస్తాను. ఒకటి, ఎల్ఈడీ పక్కనే రెండో ఫోటోడయోడ్ పెట్టి, నమూనా సంకేతాన్ని దానితో భాగించడం. ఖరీదైన బీమ్ స్ప్లిటర్ అవసరం లేదు, ఎల్ఈడీ పక్కకు చిమ్మే కాంతి చాలు. రెండు డయోడ్లూ ఒకే రకం, ఒకే లోహపు దిమ్మకు బిగించి ఉండాలి. రెండోది, ఎల్ఈడీని నిరంతరం వెలిగించకుండా 100 మిల్లీసెకన్లు వెలిగించి, 100 మిల్లీసెకన్లు ఆర్పి, రెండింటి తేడా తీసుకోవడం. ఆర్పినప్పటి రీడింగుతో గది వెలుతురు, ఆంప్లిఫయర్ ఆఫ్‌సెట్ రెండూ పోతాయి. 100 మిల్లీసెకన్లే ఎందుకంటే అందులో 50 హెర్ట్జ్ తరంగాలు సరిగ్గా ఐదు, 60 హెర్ట్జ్ అయితే సరిగ్గా ఆరు పడతాయి. ఎక్కడ వాడినా మెయిన్స్ రొద సగటులో సున్నా అవుతుంది. దీనికో లాభం కూడా ఉంది: ఎక్కువసేపు యూవీ పడితే ట్రిప్టోఫాన్ చెడుతుంది, డీఎన్ఏలో థైమిన్‌లు జంటలుగా అతుక్కుంటాయి. తక్కువసేపు వెలిగిస్తే నమూనా బతుకుతుంది, ఎల్ఈడీ కూడా ఎక్కువకాలం వస్తుంది. కొత్త ఎల్ఈడీ మొదటి కొన్ని పదుల గంటల్లో త్వరగా మసకబారుతుంది కాబట్టి దాన్ని కాసేపు వెలిగించి ఉంచి తర్వాతే క్యాలిబ్రేషన్ చేయండి.

క్యూవెట్ సంగతి ఒక్క ముక్కలో: గాజు, పాలీస్టైరీన్ పనికిరావు. అవే యూవీని మింగేస్తాయి. క్వార్ట్జ్, లేదా యూవీకి పనికొస్తుందని ప్రత్యేకంగా చెప్పి అమ్మే ప్లాస్టిక్. అంతకంటే ముఖ్యమైనది, క్యూవెట్ తీసి మళ్ళీ పెట్టినప్పుడు వచ్చే తేడా. చాలా పెట్టెల్లో ఎలక్ట్రానిక్స్ రొద కంటే ఇదే ఎక్కువ. నేనైతే క్యూవెట్‌ని గూట్లోంచి కదపను. బ్లాంక్‌ని పిపెట్‌తో తీసేసి, నమూనాతో ఒకసారి కడిగి, అందులోనే నమూనా పోస్తాను. తియ్యాల్సి వస్తే గుర్తు పెట్టిన ముఖం ఎప్పుడూ ఒకే వైపు ఉండాలి. తక్కువ పరిమాణం క్యూవెట్లు కొంటే కాంతి ఏ ఎత్తులో పోవాలో చూసుకోండి, 8.5, 15 మిల్లీమీటర్లు మామూలుగా కనిపించే ఎత్తులు. మీ రంధ్రం ఆ ఎత్తులో లేకపోతే నమూనా పైన గాలినే కొలుస్తూ కూర్చుంటారు.

ఇప్పుడు ఆ 260/280 నిష్పత్తి. పుస్తకం ప్రకారం శుద్ధమైన డీఎన్ఏకి 1.8, ఆర్ఎన్ఏకి 2.0. మీ ఎల్ఈడీ ఒక గీత కాదు, పది పన్నెండు నానోమీటర్ల వెడల్పున్న గుట్ట. పైగా 260 అని అమ్మింది 265 దగ్గర, 280 అన్నది 276 దగ్గర వెలగడం మామూలే. తయారీదారులే కొన్ని నానోమీటర్ల అటూ ఇటూ ఉంటుందని రాస్తారు. డీఎన్ఏ స్పెక్ట్రమ్ 260 దగ్గర గుండ్రంగా ఉంటుంది కాబట్టి అక్కడ ఐదు నానోమీటర్లు జరిగినా పెద్ద నష్టం లేదు. 280 దగ్గర మాత్రం నిటారైన వాలు. అక్కడ నాలుగు నానోమీటర్లు జరిగితే అబ్జార్బెన్స్ బాగా మారిపోతుంది. అందుకే శుద్ధమైన డీఎన్ఏకే మీ పెట్టె 1.5 చూపించొచ్చు. మీ పెట్టెలో శుద్ధమైన డీఎన్ఏ ఎంత చూపిస్తుందో తెలుసుకుని దానితో పోల్చుకోవడం ఒక దారి. అయినా నేను దానికి పెద్ద విలువ ఇవ్వను. డీఎన్ఏ ప్రొటీన్ కంటే చాలా గట్టిగా పీల్చుకుంటుంది కాబట్టి, చాలా ప్రొటీన్ కలిస్తే గానీ ఆ నిష్పత్తి కదలదు. పెద్ద యంత్రంలో కూడా అంతే.

క్యాలిబ్రేషన్‌కి ప్రొటీన్‌తో మొదలుపెట్టకండి, ట్రిప్టోఫాన్‌తో మొదలుపెట్టండి. లీటరు నీటిలో 20.4 మిల్లీగ్రాములు కరిగిస్తే 0.1 మిల్లీమోలార్ ద్రావణం. 1 సెంటీమీటర్‌లో 280 దగ్గర దాని అబ్జార్బెన్స్ 0.55 చుట్టూ ఉండాలి. నిదానంగా కరుగుతుంది, తొందరపడకండి. దాన్ని సగం, పావు, అరపావు పలచన చేసి గీత గీయండి. మీ ఎల్ఈడీ వెడల్పు వల్ల 0.55కి బదులు ఇంకాస్త తక్కువ రావచ్చు. ఫర్వాలేదు, ఆ తేడా గుణకంగా మారిపోతుంది. గీత ఆకారాన్ని చదవడం నేర్చుకోండి: పైకి వెళ్ళేకొద్దీ వంగుతోందంటే స్ట్రే లైట్, గీత తిన్నగానే ఉండి సున్నా గుండా పోకపోతే బ్లాంక్ లేదా క్యూవెట్, చుక్కలు అటూ ఇటూ చెదిరితే క్యూవెట్ స్థానం లేదా ఎల్ఈడీ వేడి. 260 వైపుకి ఏఎంపీ (అడినోసిన్ మోనోఫాస్ఫేట్ అనే న్యూక్లియోటైడ్) బాగుంటుంది. 259 దగ్గర దాని మోలార్ గుణకం 15,400, కాబట్టి 50 మైక్రోమోలార్ ద్రావణం 0.77 ఇవ్వాలి. పెద్ద ప్రయోగశాలల్లో పొటాషియం డైక్రోమేట్ వాడతారు, అది విషపదార్థం, చిన్న చోట నేను సిఫారసు చేయను. చివరి గుణకం మాత్రం మీరు నిజంగా కొలవబోయే అణువుతోనే తేల్చుకోవాలి.

పెట్టె సరిగ్గా ఉన్నా నమూనా మోసం చేయగలదు. 260 దగ్గర డీఎన్ఏకి, ఆర్ఎన్ఏకి, పీసీఆర్‌లో (డీఎన్ఏ ప్రతులు పెంచే ప్రక్రియ) మిగిలిన విడి న్యూక్లియోటైడ్లకు మీ డిటెక్టర్ తేడా చెప్పలేదు. శుద్ధి చేయని పీసీఆర్ నమూనా కొలిచి "దిగుబడి అదిరింది" అనుకునేవాళ్ళు తరచుగా తగులుతుంటారు. ఫీనాల్ 270 దగ్గర పీల్చుకుంటుంది. ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ 280 ప్రాంతంలో పీల్చుకుంటుంది, కాబట్టి అది ఉన్న బఫర్‌లో ప్రొటీన్ కొలవాలంటే బ్లాంక్ కూడా కచ్చితంగా అదే బఫర్ కావాలి. నమూనా కాస్త మబ్బుగా ఉన్నా చెదిరిపోయిన కాంతి కూడా పీల్చుకున్నట్టే లెక్కలోకి వస్తుంది. దీనికి 340 దగ్గర ఇంకో ఎల్ఈడీ పెట్టండి. డీఎన్ఏ, మామూలు ప్రొటీన్ అక్కడ పీల్చుకోవు కాబట్టి అక్కడ కనిపించేది మబ్బే. చెదరడం తక్కువ తరంగదైర్ఘ్యంలో ఇంకా ఎక్కువ ఉంటుంది కాబట్టి తీసివేత పూర్తి న్యాయం చేయదు, సెంట్రిఫ్యూజ్ చేయడమే మేలు.

మూత్రంలో ప్రొటీన్ నేరుగా 280 దగ్గర చూడలేరు, ఎందుకంటే యూరిక్ ఆమ్లం, ఇంకా ఎన్నో చిన్న అణువులు అక్కడే పీల్చుకుంటాయి. దానికి రంగు మారే రసాయన పరీక్ష, మామూలు దృశ్యకాంతి ఎల్ఈడీ చాలు. అయితే ఈ "ఇబ్బందే" ఒక చోట పనికొచ్చింది. డయాలిసిస్ చేసేటప్పుడు బయటికి వచ్చే ద్రవంలో 280–290 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ చూస్తూ, రోగి రక్తం ఎంత శుభ్రపడుతోందో ఆ క్షణాన్నే అంచనా వేసే సెన్సర్లు వాడుకలో ఉన్నాయి. యూరియా అక్కడ కనబడదు, కానీ యూరిక్ ఆమ్లం శిఖరం 290 పైన ఉండటంతో బాగా కనబడుతుంది. రెండూ కలిసే తగ్గుతాయి కాబట్టి ఒకటి రెండోదానికి సాక్ష్యం ఇస్తుంది. ఒకే రకం ద్రవం, ఒకే తరంగదైర్ఘ్యం, కావలసింది తగ్గుదల వంపు. చౌక యూవీ సెన్సర్‌కి ఇంతకంటే తగిన ఉద్యోగం లేదు. క్రొమటోగ్రఫీ కాలమ్ (మిశ్రమంలోని అణువుల్ని వేరుచేసే సాధనం) చివర పెట్టే 280 డిటెక్టర్ కూడా ఇలాంటిదే; ప్రొటీన్ ఏ గొట్టంలోకి దిగిందో తెలిస్తే చాలు, అంకె ఐదు శాతం అటూ ఇటూ అయినా ఎవరూ అడగరు. మొదటి ప్రాజెక్టుగా నేనైతే దీన్నే ఎంచుకుంటాను.

ఇంకో మాట. మీ అసలు అవసరం ఎంజైమ్ పరీక్షలైతే 260, 280 జోలికే పోనక్కర్లేదు. చాలా ఎంజైమ్ చర్యల్లో పాల్గొనే ఎన్ఏడీహెచ్ అనే అణువు 340 దగ్గర పీల్చుకుంటుంది, మోలార్ గుణకం 6,220. హెక్సోకైనేజ్ పద్ధతిలో గ్లూకోజ్‌ని కూడా ఇలా కొలుస్తారు. అందులో తయారయ్యే ఎన్ఏడీపీహెచ్‌ని చూస్తారు, దాని అంకె కూడా అదే. 340 ఎల్ఈడీలు ఎక్కువ కాంతి ఇస్తాయి, ఎక్కువకాలం వస్తాయి, మామూలు ప్లాస్టిక్ క్యూవెట్ కూడా చాలావరకు నడుస్తుంది. మీరు గ్లూకోజ్ అడిగారు కాబట్టి చెబుతున్నాను, దానికి దారి ఇటు ఉంది. రక్తాన్ని నేరుగా పోయకుండా సీరం వేరు చేసుకోవాలి, వచ్చిన అంకెతో ఎవరి మందు మోతాదూ మార్చకూడదు.

ఆఖరిది కళ్ళ గురించి. 270 నానోమీటర్ల దగ్గర 8 గంటల్లో కంటికి అనుమతించే పరిమితి చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీజౌల్స్. 10 మిల్లీవాట్ల ఎల్ఈడీ కాంతి ఒక చదరపు సెంటీమీటరులో పడితే ఆ కోటా 0.3 సెకన్లలో అయిపోతుంది. ఆ సమయానికి ఏమీ తెలియదు. కంట్లో ఇసుక పడ్డట్టు మంట కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. మూత తెరిస్తే ఎల్ఈడీ కరెంటు తెగిపోయే మైక్రోస్విచ్ పెట్టండి, సాఫ్ట్‌వేర్ ద్వారా కాదు, నేరుగా ఎల్ఈడీ వైరులోనే. అమరిక సరిచూసుకునేటప్పుడు తెల్ల కాగితం ముక్క పెడితే అది నీలంగా మెరిసి కాంతి ఎక్కడ పడుతోందో చూపిస్తుంది, కానీ పైన చెప్పిన పాలీకార్బొనేట్ కళ్ళద్దాలు పెట్టుకునే ఆ పని చేయండి. పెట్టె కట్టాక కళ్ళద్దం పరీక్షలో వచ్చిన శాతం, ట్రిప్టోఫాన్ గీత ఇక్కడ పెట్టండి. ఆ రెండూ చూస్తే మిగతా లోపం ఎక్కడుందో చెప్పగలను.